అమెరికా భూముల కొలత మొదలైన చోటికి: ఒహాయో నది వెంట

ఒహాయోలోని కొలంబస్ నుంచి పిట్స్‌బర్గ్ వెంకన్న గుడికి వెళ్ళేవాళ్ళం దాదాపు అందరం ఐ-70 హైవే మీదే వెళ్ళి, ఐ-70 మీదే తిరిగొచ్చేస్తాం. ఈసారి దర్శనం అయ్యాక క్యాంటీన్‌లో పులిహోర కట్టించుకుని నది దారి పట్టాం. పాత సర్వే మ్యాపుల మీద ఆసక్తి ఉన్నా, ఊళ్ళో పొలం సరిహద్దు తగాదాలు చూస్తూ పెరిగినా ఈ దారి మీకు నచ్చుతుంది. రెండూ లేకపోతే పిల్లలు గంటలోపే విసుక్కుంటారు, ముందే చెప్తున్నా.

బయల్దేరే ముందు ఇంట్లో ఒక పని చేయండి. 1796లో ఫిలడెల్ఫియాలో అచ్చయిన ‘సెవెన్ రేంజెస్’ (ఒహాయో తూర్పు అంచున ముందుగా కొలిచిన ఏడు నిలువు వరుసల భూమి) మ్యాప్ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో ఉంది, పెద్దది చేసి చూడండి. అమెరికా ప్రభుత్వం తన భూమిని కొలిపించి గీయించిన తొలి మ్యాపుల్లో ఇదొకటి. 1785 మే 20న కాంగ్రెస్ చేసిన చట్టం ప్రకారం ఆరు మైళ్ళకు ఆరు మైళ్ళ చదరం ఒక టౌన్‌షిప్, అందులో 640 ఎకరాల సెక్షన్లు 36. వాటిలో 16వ సెక్షన్ బడికి వదిలేయాలి. కాగితం మీద లెక్క భలే కుదిరింది. మ్యాప్‌లో చూస్తే నది ఒడ్డుకొచ్చేసరికి చదరాలన్నీ తెగిపోయి ముక్కలయ్యాయి. పైగా టౌన్‌షిప్ నంబర్లు ప్రతి వరుసలోనూ నది దగ్గర మొదలై ఉత్తరానికి పెరుగుతాయి. నది వంకర కాబట్టి పక్కపక్క వరుసల్లో ఆనుకుని ఉన్న రెండు చదరాలకు చాలాచోట్ల ఒకే నంబరు రాదు. ఈ తిరకాసు ఇంట్లోనే అర్థమైతే అక్కడికెళ్ళాక బుర్ర గోక్కోనక్కర్లేదు.

మొదటి మజిలీ ఈస్ట్ లివర్‌పూల్, పిట్స్‌బర్గ్ నుంచి గంట ప్రయాణం. ఊరి బయట, పెన్సిల్వేనియా సరిహద్దు మీద, రోడ్డు పక్కనే ఒక రాతి స్తంభం ఉంటుంది. థామస్ హచిన్స్ అనే ప్రభుత్వ జియోగ్రాఫర్ 1785 సెప్టెంబర్ 30న కొలత మొదలుపెట్టిన చోటు ఇక్కడికి 1,112 అడుగులు దక్షిణాన ఉందని దాని మీద రాసి ఉంది. ఆ అసలు చోటు ఇప్పుడు నది నీళ్ళ కింద ఉంది. అంటే చూడ్డానికి ఉన్నది స్తంభం, బోర్డులు, దూసుకుపోయే లారీలు. టికెట్ లేదు, బాత్రూమ్ లేదు, నీడ కూడా సరిగా లేదు. మా ఆవిడ కారు దిగలేదు. నాకు మాత్రం కాళ్ళు కదల్లేదు. ఇక్కణ్ణుంచి పడమరగా 42 మైళ్ళ గీత గీయాలని ప్లాన్. హచిన్స్ మనుషులు నాలుగు మైళ్ళు కూడా దాటకముందే, ముందు దారిలో దాడులు జరుగుతున్నాయని తెలిసి వెనక్కి తిరిగారు. మళ్ళీ మరుసటి ఏడాదే పని మొదలైంది. షానీ, లెనాపే, వయాండాట్ లాంటి తెగల వాళ్ళు ఉంటున్న, వేటాడుకుంటున్న నేల ఇది. 1796 మ్యాప్ చూస్తే మాత్రం అక్కడ ఎవరూ లేరనే అనిపిస్తుంది.

ఊళ్ళోకి వెళ్తే సిరామిక్స్ మ్యూజియం బాగుంది, పాత పోస్టాఫీసు భవనంలో పెట్టారు. నది అవతల న్యూయెల్‌లో ఫియెస్టా అనే పింగాణీ గిన్నెల ఫ్యాక్టరీ ఉంది. మా ఆవిడ మూడ్ అక్కడే మారింది.

అక్కణ్ణుంచి రూట్ 7 మీద దిగువకు అరగంట వెళ్తే స్టూబెన్‌విల్ వస్తుంది. నన్నడిగితే ఈ దారి మొత్తంలో చూడాల్సింది ఇదే. సర్వేయర్లకు కాపలాగా సైనికులు 1786-87లో కట్టిన ఫోర్ట్ స్టూబెన్‌ను అదే స్థలంలో మళ్ళీ కట్టారు. సర్వే అంటే ఏంటో పిల్లలకు ఇక్కడే అర్థమవుతుంది: గొలుసు, దిక్సూచి, గొడ్డలి, రాసుకోడానికో పుస్తకం. గొలుసు 66 అడుగులు, 100 లింకులు. 80 గొలుసులైతే మైలు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. మన సర్వే శాఖలో చైన్‌మన్ ఉద్యోగం పేరు ఈ గొలుసు నుంచి వచ్చిందే. వెయ్యి చదరపు లింకులు మన సెంటు. అర గొలుసుకు అర గొలుసు, అంటే 33 అడుగుల చదరం, తెలంగాణ గుంట. పాస్‌బుక్‌లో గుంటలు, సెంట్లు చూసినవాళ్ళకి ఇక్కడి లెక్క చుట్టాల ఇంటి వంటలా తెలిసినట్టే ఉంటుంది.

చదరాల మూలలు గుర్తుండేలా సర్వేయర్లు చెట్లకు గంట్లు పెట్టి, అవి బీచ్ చెట్లో ఓక్ చెట్లో పుస్తకంలో రాసుకునేవాళ్ళు. ఆ చెట్ల జాబితాలు పట్టుకునే ఇప్పటి పరిశోధకులు అప్పటి అడవి ఎలా ఉండేదో చెప్తున్నారు.

కోట పక్కనే చిన్న దుంగల ఇల్లు ఉంది, అది 1801 నాటి ఫెడరల్ ల్యాండ్ ఆఫీస్, అంటే ప్రభుత్వం ఈ భూములు అమ్మిన ఆఫీసు. దీనికంటే ముందు, 1787లో, అమ్మకం న్యూయార్క్‌లో జరిగింది. ఎకరం డాలర్‌కు తక్కువ కాకుండా అమ్మాలని రూలు, పైగా కనీసం 640 ఎకరాలు కొనాలి. సుమారు 73 వేల ఎకరాలే పోయాయి. అడవిలో ఉన్న భూమికి ఎక్కడో న్యూయార్క్‌లో వేలం పెడితే సామాన్య రైతు ఎలా కొంటాడు? ఈ చిన్న గది చూశాక ప్రభుత్వం ఆఫీసుని కొనేవాళ్ళ దగ్గరికి ఎందుకు తెచ్చిందో తెలుస్తుంది. సిబ్బంది ఓపిగ్గా చెప్పారు, నేనడిగిన పిచ్చి ప్రశ్నలకి కూడా. చలికాలంలో కోట మూసేస్తారు, వేళలు ముందే కనుక్కోండి.

తిండి సంగతి. ఇక్కడి పిజ్జా మీద చీజ్ కాల్చాక చల్లగా చల్లుతారు. పిల్లలకు నచ్చింది, నాకు పులిహోరే దిక్కయింది. రాత్రికి హైవే పక్క మోటెల్‌లో దిగాం. స్మోకింగ్ లేని గది అని బుక్ చేస్తే తలుపు తీయగానే సిగరెట్ కంపు. గది మార్చారు గానీ అప్పటికే పిల్లలు నిద్రపోయారు, పెట్టెలన్నీ మళ్ళీ మోసుకోవాల్సొచ్చింది. ఇంకో రెండు గంటలు ఓపిక ఉంటే మారియెట్టాలోనే బస చేయండి. నది ఒడ్డు ఊరు, సాయంత్రం నడవడానికి హాయిగా ఉంటుంది.

మారియెట్టా 1788 నాటిది. క్యాంపస్ మార్షియస్ మ్యూజియం గోడల మధ్యే, ఈ ఊరు స్థాపించినవాళ్ళకు నాయకుడైన రూఫస్ పట్నం ఇల్లు భద్రంగా ఉంది, కాబట్టి వానొచ్చినా ఇబ్బంది లేదు. ఆయన 1796లో దేశానికి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఒహాయో కంపెనీ ల్యాండ్ ఆఫీస్ కూడా ఇక్కడే ఉంది, అయితే ఇది ప్రభుత్వానిది కాదు, భూములు టోకున కొన్న కంపెనీది. ఊరి శ్మశానంలో సర్వేయర్లు రావడానికి ఎన్నో శతాబ్దాల ముందు కట్టిన పెద్ద మట్టి దిబ్బ ఉంది. రూఫస్ పట్నం సమాధీ అదే శ్మశానంలో. మ్యూజియంకి కేటాయించిన టైమ్‌లో కొంత తగ్గించుకుని అయినా ఆ దిబ్బ దగ్గరికి వెళ్ళండి.

ఒక్కరోజే దొరికితే మారియెట్టా వదిలేయండి. స్టూబెన్‌విల్ చూసుకుని యూఎస్ 22 ఎక్కితే కేంబ్రిడ్జ్ దగ్గర ఐ-70 కలుస్తుంది. దారంతా కొండలు, మలుపులు, కాబట్టి చీకటి పడకముందే బయల్దేరండి.