ఫ్లోరైడ్ నీళ్లకు పటిక బకెట్టా, ఆర్‌ఓ మిషనా?

నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు బోరు నీళ్లు చూడటానికి తేటగానే ఉంటాయి. ఫ్లోరైడ్ కంటికి కనపడదు. కాచితే పోదు సరికదా, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లకు గార, మరీ ఎక్కువైతే ఎముకలకూ చేటు.

నాగపూర్‌లోని నీరి (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థ 1970ల్లో ముందుకు తెచ్చిన పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు: నల్గొండ టెక్నిక్. అడుగుకి కాస్త పైన నల్లా ఉన్న 40 లీటర్ల బకెట్‌లో సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక వేసి, ముందు జోరుగా, తర్వాత మెల్లగా కలిపి, గంటసేపు కదపకుండా ఉంచాలి. పటిక నుంచి పుట్టిన అల్యూమినియం హైడ్రాక్సైడ్ మడ్డి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి దిగుతుంది. కరెంటు అక్కర్లేదు. చిక్కంతా కొలతలోనే. ఒక్కో బోరుకు ఒక్కో మోతాదు; తేడా వస్తే అల్యూమినియం నీళ్లలోనే మిగులుతుంది. రోజూ అంత ఓపిక ఎవరికుంది, నాట్లప్పుడు మరీను!

ఆర్‌ఓకు స్విచ్ వేస్తే చాలు. దాని వడపోత పొర ఫ్లోరైడ్‌ను చాలావరకు ఆపేస్తుంది, దాంతోపాటు కాల్షియాన్నీ. కాల్షియం తక్కువైన ఒంటికే ఫ్లోరైడ్ ఎక్కువ హాని చేస్తుంది కాబట్టి పాలు, రాగులు మానొద్దు. మిషన్ బయటికి వదిలే నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువ, బర్రెల తొట్టిలో పోయకండి.

నా మొగ్గు ఆర్‌ఓకే, అదీ పొర సమయానికి మారుస్తుంటేనే. మిషన్ భగీరథ పథకం కింద కృష్ణా నీళ్లు సరిగ్గా వచ్చే ఇంటికైతే రెండూ అక్కర్లేదు.