కథ రాయడం నేర్పే పుస్తకాలు: ఏది కాగితం మీద, ఏది కిండిల్‌లో

నేను కథలు రాయడం మొదలుపెట్టి తొమ్మిదేళ్ళయింది. ఇన్నేళ్ళలో రాయడం నేర్పే పుస్తకాలు పదిహేను దాకా కొన్నాను. కొన్ని కాగితం ప్రతులు, కొన్ని అమెజాన్ వాళ్ళ కిండిల్ పరికరంలో చదివే ఈ-బుక్ ప్రతులు. రెండింటిని మాత్రం రెండు రకాలుగానూ కొన్నాను. ఒకే పుస్తకాన్ని రెండు చోట్లా చదివాకే తేడా బాగా తెలిసింది. అందుకే ఏ పుస్తకం కొనాలని ఎవరైనా అడిగితే, ఏ రూపంలో కొనాలో కూడా కలిపే చెబుతున్నాను.

తెలుగులో రాసేవాళ్ళు ఒక్క పుస్తకమే కొనగలిగితే వల్లంపాటి వెంకటసుబ్బయ్య గారి 'కథాశిల్పం' కొనండి. 1999లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన విమర్శ గ్రంథం. ఇలా రాయండి, అలా రాయకండి అని పాఠం చెప్పే పుస్తకం కాదు. అయినా నాకు ఎక్కువ నేర్పింది ఇదే. అప్పట్లో నా కథ ఒకటి తల్లి వైపు నుంచి మొదలై, మూడో పేజీలో చెప్పాపెట్టకుండా కొడుకు మనసులోకి వెళ్ళిపోయేది. చదివినవాళ్ళందరూ ఎక్కడో పట్టు తప్పిందన్నారు కానీ ఎక్కడో చెప్పలేకపోయారు. దృష్టికోణం గురించి ఆయన రాసింది చదివిన రోజు రాత్రి ఆ చోటు నాకే కనిపించింది. దీన్ని కాగితం మీదే చదవాలి. రెండు మూడు పేజీలు చదివి, ఆపి, మన కథ తీసి చూసుకుని, మళ్ళీ వెనక్కి వెళ్ళాల్సిన పుస్తకం ఇది.

తెలుగు విషయంలో ఇంకో కారణం కూడా ఉంది. మన పుస్తకాలు చాలావరకు అచ్చుపని కోసం వాడే అను ఫాంట్లలో కంపోజ్ అయినవి. అవి యూనికోడ్ కావు, అంటే కంప్యూటర్ వాటిని తెలుగు అక్షరాలుగా గుర్తుపట్టదు. పీడీఎఫ్‌లో కంటికి తెలుగే కనిపిస్తుంది గానీ లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. 'సంభాషణ' అని టైప్ చేసి వెతికితే ఏమీ దొరకదు. ఒక పేరా కాపీ చేసి వేరేచోట పెడితే అర్థం లేని అక్షరాలు వస్తాయి. పాత పుస్తకాల స్కాన్లయితే ఉత్త బొమ్మలే. వెతుక్కోవడానికీ, ఎత్తి రాసుకోవడానికీ వీలు లేనప్పుడు, వేళ్ళతో పేజీ పెద్దది చేసుకుంటూ ఫోన్‌లో చదవడం కళ్ళకు శ్రమ తప్ప మరేం కాదు.

అమెరికన్ నవలా రచయిత స్టీఫెన్ కింగ్ 'ఆన్ రైటింగ్' కిండిల్‌లో చాలు. 2000లో వచ్చింది. సగం ఆయన జీవితకథే కాబట్టి విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్ళే రైల్లో ఏకబిగిన చదివేశాను. తెలుగు మీడియంలో చదువుకున్న నాకు, తెలియని మాట మీద వేలు పెట్టగానే అర్థం రావడం పెద్ద సాయం. రెండో చిత్తుప్రతి మొదటి చిత్తుప్రతి కంటే పది శాతం తగ్గాలన్న సూత్రాన్ని ఇప్పటికీ పాటిస్తున్నాను. రెండు వేల మాటల కథ 1,800కి దిగాలి. క్రియా విశేషణాలంటే ఆయనకు పడదు. మన భాషలో అవి ఎక్కువగా 'గా'తో ముగుస్తాయి: కోపంగా అంది, మెల్లగా నవ్వాడు. నా నాలుగు పేజీల కథలో పెన్సిల్‌తో 'గా'లు చుట్టి చూస్తే 41 తేలాయి. సగం తీసేశాను, కథ తేలికపడింది. అన్నీ తీసేస్తే మాత్రం తెలుగు మోడుబారుతుంది.

ఈ పుస్తకం చివర ఒక కథ మొదటి చిత్తుప్రతిని కొట్టివేతలతో సహా ఇచ్చి, ఎందుకు కొట్టేశారో వివరించారు. తెర మీద దిద్దుబాటుకీ వివరణకీ మధ్య తిరగడం విసుగనిపించింది. ఆ కొన్ని పేజీల కోసమే తర్వాత కాగితం ప్రతి కొన్నాను.

నేను రెండు రకాలుగా కొన్న ఇంకో పుస్తకం అమెరికన్ రచయిత్రి ఉర్సులా లెగ్విన్ 'స్టీరింగ్ ది క్రాఫ్ట్'. 1998 నాటిది, 2015లో తిరగరాసి మళ్ళీ వేశారు. నిండా అభ్యాసాలే. కిండిల్ ప్రతి రెండేళ్ళు నా దగ్గరుంది, ఒక్క అభ్యాసమూ చేయలేదు. చదివి, బాగుందనుకుని, తర్వాతి పేజీకి వెళ్ళిపోయేదాన్ని. కాగితం ప్రతి కొని, టేబుల్ మీద నోట్‌బుక్ పక్కన తెరిచి పెట్టాక చేయడం మొదలైంది. ఏడు మాటలు మించని వాక్యాలతో పేరా రాయమంటారు ఒకచోట. తెలుగులో విభక్తులు మాటలకే అతుక్కుంటాయి కాబట్టి ఏడు మాటలంటే పెద్ద వాక్యమే. నేను నాలుగు మాటలకు కుదించుకున్నాను. 350 మాటల దాకా ఒకే వాక్యంగా రాయమన్న అభ్యాసం మనకు తేలిక. 'లేచి, తలుపు తీసి, వాకిట్లోకి చూసి' అంటూ ఎంత దూరమైనా పోవచ్చు. వాక్యాన్ని ఎక్కడ ఆపాలన్నదే మనకు కష్టమని ఆ రోజే తెలిసింది.

స్ట్రంక్ రాసిన 'ది ఎలిమెంట్స్ ఆఫ్ స్టైల్' కొనక్కర్లేదు. పాత ప్రతి ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ఉచితం, అందులో చాలాభాగం ఇంగ్లీషు వాడుక నియమాలే.

ఇక భద్రత సంగతి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో మా ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. కింది రెండు అరల పుస్తకాలు మూడు రోజులు నీళ్ళలోనే ఉన్నాయి. 'కథాశిల్పం' వాటిలో ఒకటి. డాబా మీద ఆరబెట్టాక చూస్తే జెల్ పెన్నుతో రాసుకున్నవన్నీ నీలం మరకలయ్యాయి. పెన్సిల్‌తో గీసుకున్న ప్రతి గీతా అలాగే ఉంది. అప్పటినుంచి పుస్తకాల మీద పెన్సిలే వాడుతున్నాను. కిండిల్ పుస్తకాలకు ఏమీ కాలేదు.

అలాగని డిజిటల్‌నీ పూర్తిగా నమ్మలేను. అంతకు ముందే, ఒక యాప్‌లో డబ్బు పెట్టి కొన్న నాలుగు తెలుగు పుస్తకాలు ఫోన్ మార్చాక తెరుచుకోలేదు. రెండుసార్లు మెయిల్ రాసినా జవాబు లేదు. పుస్తకాలు పోయినందుకు కాదు, వాటిలో రాసుకున్న నోట్స్ పోయినందుకు ఏడుపొచ్చింది. కిండిల్‌లో గీసుకున్న వాక్యాలు ఒక టెక్స్ట్ ఫైల్‌లో చేరతాయి. నెలకోసారి దాన్ని కంప్యూటర్‌లో దాచుకుంటున్నాను.

లెగ్విన్ కాగితం ప్రతి ఖరీదు ఎక్కువ అనిపిస్తే కిండిల్ ప్రతి కొని, అభ్యాసాలను మాత్రం చేత్తో నోట్‌బుక్‌లో ఎత్తి రాసుకోండి. నా స్నేహితురాలు అలాగే చేసింది. నాకంటే ముందే అన్నీ పూర్తి చేసింది.