ఇడ్లీ కుక్కర్ మీద రెండు డాలర్లు ఏ ఊరివి?

ఆగస్టు వచ్చిందంటే టెక్సస్ ఊళ్లన్నీ బడ్జెట్ లెక్కల్లో మునిగిపోతాయి. ఆ నెలంతా మిత్రులు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: ఆన్‌లైన్‌లో కొన్నదాని మీద స్థానిక పన్ను సరుకు బయలుదేరిన ఊరికి పోవాలా, చేరిన ఊరికి రావాలా?

ఫ్రిస్కోలో ఉన్న మీరు వంద డాలర్ల ఇడ్లీ కుక్కర్ తెప్పించుకున్నారనుకోండి. పన్ను 8 డాలర్ల 25 సెంట్లు. అందులో 6.25 రాష్ట్ర ఖజానాకే పోతుంది, దానికోసం ఎవరూ కొట్టుకోరు. తగువంతా మిగిలిన రెండు డాలర్ల మీదే. రాష్ట్రంలో దుకాణమే లేని అమ్మకందారు చేత కూడా పన్ను కట్టించవచ్చని 2018లో వేఫెయిర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 5–4 తేడాతో తేల్చేసింది. వసూలు గొడవ అలా తీరింది గాని పంపకం గొడవ తీరలేదు.

బయలుదేరిన ఊరి వాదన వినదగ్గదే. డల్లాస్ విమానాశ్రయం పక్కనున్న కాపెల్‌లో గోదాములు బారులు తీరి ఉంటాయి. ఆ లారీలు తొక్కే రోడ్లు వేయించేది ఆ ఊరే, గోదాములో నిప్పంటుకుంటే ఫైరింజన్ పంపేదీ ఆ ఊరే. రౌండ్ రాక్ అయితే డెల్ అమ్మకాల పన్నును నమ్ముకుని ఏళ్ల తరబడి బడ్జెట్ వేసుకుంటూ వచ్చింది. వెబ్‌సైటులో వచ్చిన ఆర్డరును ఊళ్లోని కార్యాలయంలో అందినట్టు లెక్కించి పన్ను ఆ ఊరికే ఇవ్వకుండా 2020లో కంప్ట్రోలర్ (రాష్ట్ర పన్నులు చూసే అధికారి) గ్లెన్ హెగర్ నిబంధన మార్చేసరికి ఈ రెండూ, మరికొన్ని ఊళ్లూ కోర్టుకెక్కాయి. ముందున్న కంచం లాగేస్తే ఎవరు ఊరుకుంటారు?

అయినా నా ఓటు చేరిన ఊరికే. నన్ను అటు నెట్టినవి వాపసు ఒప్పందాలు. పన్ను గోదామును బట్టి వస్తుందంటే దాన్ని రప్పించుకోవడానికి ఊళ్లు పోటీ పడతాయి. "మా దగ్గర పెట్టండి, మీ వల్ల వచ్చే పన్నులో ఇంత తిరిగి ఇచ్చేస్తాం" అంటాయి. టెక్సస్ స్థానిక ప్రభుత్వ చట్టంలోని 380వ అధ్యాయం ఇందుకు దారి ఇస్తుంది. కాలిఫోర్నియాలో కుపర్టినో నగరం ఆపిల్‌తో ఇలాంటి ఒప్పందమే చేసుకుని, ఆ అమ్మకాల మీద తనకొచ్చే పన్నులో 35 శాతం కంపెనీకి తిరిగి ఇస్తూ వచ్చింది. ఇలాంటి ఒప్పందమున్న ఊరి నుంచి మీ కుక్కర్ వచ్చిందంటే, మీరు కట్టిన దాంట్లో కొంత మీ ఊరి లైబ్రరీకీ చేరదు, ఆ ఊరి రోడ్లకూ చేరదు. చుట్టూ తిరిగి అమ్మినవాళ్ల జేబులోకే వెళుతుంది. పన్ను కొన్నవాళ్ల ఊరికి చెందితే ఈ బేరానికి తావుండదు. ఇడ్లీలు తినేవాళ్లకు రాయితీ చూపించి ఇల్లు మార్పించడం ఏ నగరానికీ సాధ్యం కాదు కదా.

ఊరికో రేటు చూసుకోవాలంటే చిన్న అమ్మకందార్లకు తలనొప్పేనంటారా? కొంత నిజమే. కానీ బయటి రాష్ట్రాల అమ్మకందార్లు కావాలంటే స్థానిక పన్నును అన్ని ఊళ్లకూ ఒకే రేటున, 1.75 శాతం, కట్టే వెసులుబాటు టెక్సస్ ఇచ్చింది. మన జీఎస్టీనే చూడండి. బెంగళూరు గోదాము నుంచి విజయవాడకు ఫోను వస్తే రాష్ట్ర వాటా ఆంధ్రప్రదేశ్‌కే చెందుతుంది. 2017 నుంచి ఆ బండి నడుస్తూనే ఉంది. మునిసిపాలిటీకి అందులోంచి నేరుగా పైసా రాదన్న ఏడుపు వేరు.

వేరే దారులూ లేకపోలేదు. అలబామాలో ఒప్పుకున్న అమ్మకందార్లు ఒకే రేటున 8 శాతం కట్టేస్తే, రాష్ట్రం సగం ఉంచుకుని మిగతాది ఊళ్లకూ కౌంటీలకూ జనాభా లెక్కన పంచుతుంది. తేలికైన పద్ధతే, కానీ టస్కలూసా నగరానికి నచ్చక కోర్టుకు వెళ్లింది. అలాస్కాలో రాష్ట్ర అమ్మకం పన్నే లేదు గనుక ఊళ్లే కలిసి వసూలుకు ఒక కమిషన్ పెట్టుకున్నాయి.

రౌండ్ రాక్, కాపెల్ లాంటి చోట్ల మాత్రం గడువివ్వాలి. నేనైతే ఏటా ఐదో వంతు చొప్పున ఐదేళ్లలో మళ్లించమంటాను. మొన్న ఇదే మాట కాపెల్‌లో ఉంటున్న మా బావమరిదితో అన్నాను. "పదేళ్లు చేయండి బావగారూ, అప్పుడు ఆలోచిస్తాం" అన్నాడు.