పాత 486కి కొత్త మోడెం: పోర్టు వేగం తగ్గించాలా, లోపలి మోడెం కొనాలా, చిప్పు మార్చాలా?

1998లో విశాఖ అల్లిపురంలో మా బావ డీటీపీ షాపులో ఒక 486 కంప్యూటర్ ఉండేది. దానికి 33.6 మోడెం (ఫోన్ లైను మీద ఇంటర్నెట్‌కి కలిపే పెట్టె, సెకనుకి 33,600 బిట్లు) తగిలించాం. కనెక్ట్ అయ్యేది, ఫైలు దిగడం మొదలయ్యేది, మధ్యలో సీఆర్‌సీ ఎర్రర్లు, అంటే వచ్చిన డేటా లెక్క సరిపోలేదని. "సముద్రపు గాలికి లైను పోయిందిరా, ఇంకేటి?" అన్నాడు బావ. విశాఖలో కనెక్టర్లు తుప్పు పట్టడం మామూలే కాబట్టి నేనూ నమ్మాను. కానీ పేజీ సేవ్ చేసి హార్డ్ డిస్కు లైటు వెలిగినప్పుడల్లా ఒక ఎర్రర్ పడేది. డిస్కుకీ ఫోన్ లైనుకీ ఏం సంబంధం?

రెండు మోడెంల మధ్య వీ.42 అనే పద్ధతి తప్పుల్ని సరిచేస్తూనే ఉంటుంది. లైన్లో గరగర ఉంటే వేగం తగ్గుతుంది గానీ అక్షరం పోదు. పోతోందంటే మోడెంకీ కంప్యూటర్‌కీ మధ్యే. మోడెం తగిలించిన సీరియల్ పోర్టులో బైట్లు అందుకునేది 16450 చిప్పు, అది వచ్చిన బైటు ఒక్కటే పట్టుకోగలదు. పోర్టు వేగం సెకనుకి 57,600 బిట్లుంటే సుమారు 174 మైక్రోసెకన్లకో కొత్త బైటు వచ్చి పడుతుంది. ప్రాసెసర్ డిస్కు పనిలో ఉండి ఆలోగా రాకపోతే పాతది పోయినట్టే.

పోర్టును 19,200కి దించితే ఎర్రర్లు ఆగిపోయాయి. పైసా ఖర్చు లేదు, తప్పెక్కడుందో తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి పరీక్ష లేదు. అలాగే వదిలేస్తే మాత్రం 33,600 మోడెం కొన్న డబ్బు దండగ, ఫోన్ బిల్లు అదనం.

కంప్యూటర్ లోపల కార్డులా బిగించే మోడెంకి సొంత చిప్పు ఉంటుంది, పాత పోర్టుతో పనే లేదు. అయితే కామ్3 (మూడో సీరియల్ పోర్టు)లో పెడితే మామూలుగా కామ్1తో ఐఆర్‌క్యూ 4 (ప్రాసెసర్‌ని పిలిచే లైను) పంచుకోవాలి. కామ్1లో మౌస్ ఉంటే అది బిగుసుకుపోతుంది. అప్పట్లో చవగ్గా దొరికే విన్‌మోడెంలు పనంతా ప్రాసెసర్ మీదే వేసేవి, 486కి ఆ జోలి వద్దు.

నా ఓటు 16550ఏ చిప్పుకే. 16 బైట్లు దాచుకుంటుంది, 14 చేరాక ప్రాసెసర్‌ని పిలిచేలా పెట్టుకోవచ్చు. మా ఐ/ఓ కార్డు (పోర్టులుండే కార్డు) మీద పాత చిప్పు సాకెట్లోనే ఉంది. సన్న స్క్రూడ్రైవర్‌తో ఒకసారి ఈ చివర, ఒకసారి ఆ చివర కొద్దికొద్దిగా లేపాను. 40 కాళ్ళలో ఒక్కటీ వంగలేదు. గాటు ఉన్న వైపు చూసుకుని కొత్తది నొక్కాను. మీ చిప్పు సోల్డర్ చేసి ఉంటే 16550ఏ ఉన్న ఐ/ఓ కార్డు కొని, పాత పోర్టును ఆపేయండి. 'ఏ' లేని మొదటి 16550 తీసుకోవద్దు, దాని బఫరు (బైట్లు దాచుకునే చోటు) సరిగా పనిచేయదు. డాస్‌తో వచ్చే ఎంఎస్‌డీ అనే పరీక్ష ప్రోగ్రాంలో 16550ఏఎఫ్ అని కనిపిస్తే చాలు. విండోస్ 95లో ఫిఫో టిక్కు (ఆ బఫరు వాడమని), హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ (ఆగు, పంపు అని తీగల మీద చెప్పుకోవడం) మర్చిపోవద్దు. కేబుల్లో అందుకు వాడే ఆర్‌టీఎస్, సీటీఎస్ తీగలు లేకపోతే ఈ శ్రమంతా వృథా.

ఆ రాత్రి అదే లైను, అదే మోడెం, పోర్టు 57,600. బావ పేజీ సేవ్ చేశాడు. డిస్కు లైటు వెలిగి ఆరింది. ఎర్రర్ల లెక్క సున్నా దగ్గరే ఉంది.