సుంకి ఘాట్ ఎక్కే లారీకి ఏ కూలెంట్: రేడియేటర్ మార్చిన నాలుగేళ్ళ తరువాత

మా పది చక్రాల లారీ ఒడిశాలోని జయపురంలో బియ్యం ఎత్తుకుని విశాఖపట్నంలో దింపి, అక్కడి నుంచి సిమెంటుతో తిరిగి వస్తుంది. దిగేటప్పుడు పరీక్ష బ్రేకులకైతే ఎక్కేటప్పుడు రేడియేటర్‌కు. సాలూరు దాటి సుంకి ఘాట్ మొదలైతే, నిండు లోడుతో రెండో గేరులో గంటల తరబడి నత్తనడక నడిచే బండికి ఎదురుగాలి ఉండదు. ఇంజిన్ వేడినంతా ఫ్యాను, నీరు కలిసి మోయవలసిందే.

2020 వేసవిలో పాత రాగి, ఇత్తడి రేడియేటర్ మాటు వేసిన చోటే మూడోసారి కారడంతో, దాన్ని తీసేసి అల్యూమినియం కోర్, ప్లాస్టిక్ ట్యాంకులు ఉన్న కొత్తది వేయించాను. ఇంజిన్‌ను చల్లబరచడానికి రేడియేటర్‌లో పోసే ద్రవం, అంటే కూలెంట్ విషయంలో మాత్రం పెద్దగా ఆలోచించలేదు. విడిభాగాల కొట్టులో “ఇంతకు ముందు ఏ రంగు పోశారో అదే పోయండి” అంటే ఆకుపచ్చ డబ్బాలు రెండు కొని, మిగిలినదంతా షెడ్డులోని బోరు నీళ్ళతో నింపించాను. ఏడు నెలలు తిరగకుండానే ఘాట్‌లో ఇంజిన్ వేడి చూపే మీటరు సూది ఎర్ర గీతను తాకడం మొదలైంది. అడుగు హోస్ విప్పితే బకెట్‌లోకి రాగి జావ రంగు నీళ్ళు దిగాయి. వేడిని బట్టి నీటి దారి తెరిచే థర్మోస్టాట్ కూర్చునే గూడులో, కుండ అడుగున పట్టినట్టు, తెల్లటి సున్నపు చెక్కు గోటికి రాకుండా గట్టిపడి ఉంది. అప్పుడు డబ్బా వెనక చదివితే, అది కార్ల కోసమని స్పష్టంగానే రాసి ఉంది.

రంగు అనేది కంపెనీ వేసుకునే అద్దకం మాత్రమే. ఆకుపచ్చ, ఎరుపు, పసుపు అన్నవి తుప్పు పట్టకుండా ఏ మందు కలిపారో చెప్పవు. ఒక కంపెనీ ఎరుపు మరో కంపెనీ ఎరుపుతో పొసగకపోవచ్చు కూడా. చూడవలసినవి రెండు: మన రేడియేటర్ ఏ లోహంతో చేసినది, మన ఇంజిన్‌లో ఎలాంటి లైనర్లు (పిస్టన్ ఆడే గొట్టాలు) ఉన్నాయి. మా ఇంజిన్‌లో ఉన్నవి వెట్ లైనర్లు, అంటే బయటి గోడను కూలెంట్ నేరుగా తాకేవి. పిస్టన్ దెబ్బకు లైనర్ అదిరినప్పుడల్లా దాని మీద సన్నటి ఆవిరి బుడగలు పుట్టి పగులుతాయి. ఆ దెబ్బలకు ఇనుము మీద సూదితో పొడిచినట్టు గుంటలు పడి, చివరికి నీరు ఆయిల్‌లోకి చేరుతుంది. దీన్ని అడ్డుకునే మందు సాధారణంగా భారీ డీజిల్ ఇంజిన్ల కూలెంట్‌లోనే ఉంటుంది. అందుకే ఈసారి డబ్బా మీద ఎఎస్‌టిఎం డి 6210 అనే ప్రమాణం, ఇంజిన్ తయారీదారు ఆమోదం, రెండూ ఉన్నది వెతికి కొన్నాను. కార్ల కూలెంట్ల మీద సాధారణంగా కనిపించేది డి 3306. రాగి రేడియేటర్ ఇంకా వాడుతున్నవారు, అతుకుల్లోని సీసపు టంకానికి కూడా తాము కొనే కూలెంట్ పనికివస్తుందో లేదో డబ్బా మీద చూసుకోవాలి.

మన కొండల్లో ఇంజిన్‌లో నీరు గడ్డకట్టేంత చలి లేదు కదా, కూలెంట్ దండగ అనే మాట ఇక్కడి షెడ్లలో తరచు వింటాను. కాని మా దారిలోని కొరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ మూత లేని గిన్నెలో నీరు 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. సగం గ్లైకాల్ (కూలెంట్‌లోని అసలు ద్రవం), సగం నీరు కలిపి, పీడనం నిలిపే మంచి క్యాప్ బిగిస్తే అది 120 డిగ్రీలు దాటితే గాని మరగదు. అలాగని చిక్కగా పోయకూడదు. వేడిని మోయడంలో గ్లైకాల్ కంటే నీరే మేలు కాబట్టి 60 శాతం మించితే నష్టమే.

నింపడంలో ఒక కిటుకు సాలూరు మేస్త్రి చెప్పాడు. ఎంత కడిగి దింపినా బ్లాకులో కొన్ని లీటర్ల నీరు ఉండిపోతుంది. దాని మీద ముందే నీళ్ళు కలిపి అమ్మే కూలెంట్ పోస్తే పాలు పలచనైనట్టే. మా వ్యవస్థ మొత్తం 24 లీటర్లు కాబట్టి, ఆఖరి కడుగు డిస్టిల్డ్ వాటర్‌తో కానిచ్చి, నీళ్ళు కలపని కూలెంట్ 12 లీటర్లు ముందు పోసి, పైన డిస్టిల్డ్ వాటర్‌తో నింపాము. ఇంజిన్ నడుపుతూ గాలి పోయేదాకా ఆగి, చల్లారాక మళ్ళీ మట్టం చూశాము.

ఆ తరువాత ఇప్పటిదాకా సూది ఘాట్‌లో సగం దాటి కొంచెం పైకి వెళ్ళింది గాని ఎరుపును మళ్ళీ తాకలేదు. నిరుడు వాటర్ పంప్ సీలు మార్చినప్పుడు లోపల లోహం శుభ్రంగా కనిపించింది. ఇబ్బందులు లేకపోలేదు. ధర ఆకుపచ్చ డబ్బాకు దాదాపు రెట్టింపు, జయపురంలో అన్నివేళలా దొరకదు, పైగా ప్లాస్టిక్ ట్యాంకు అంచున రబ్బరు దగ్గర ఒకసారి చెమర్చింది. అది కూలెంట్ తప్పు అనను. ఒకసారి మాత్రం నేను లేనప్పుడు క్లీనర్ దారిలో దొరికిన ఆకుపచ్చదాన్ని రెండు లీటర్లు పోశాడు. పరీక్ష పట్టీ ముంచి చూస్తే మందు బలం తగ్గినట్టు తేలింది, మొత్తం దింపి మళ్ళీ నింపవలసి వచ్చింది. అప్పటి నుంచి కలిపి ఉంచిన అయిదు లీటర్ల డబ్బా సీటు వెనకే ఉంటోంది, రేడియేటర్ మూత పక్కన తెల్ల పెయింటుతో తెలుగులోనూ ఒడియాలోనూ “ఈ డబ్బాలోదే పోయాలి” అని రాయించాను.