మెదక్‌లో ఈస్టర్, తిరుగుదారిలో డోర్నకల్

శుభ శుక్రవారం (గుడ్ ఫ్రైడే) నుంచి పునరుత్థాన ఆదివారం (ఈస్టర్) వరకు మెదక్ చర్చిలో గడపాలని మా అమ్మ ఎన్నాళ్ళుగానో కోరుతుండడంతో, 2025 ఏప్రిల్ 18 ఉదయానికి అక్కడ ఉండేలా విజయవాడ నుంచి బయలుదేరాము. సికింద్రాబాద్ వరకు రైలు, అక్కడి జూబ్లీ బస్ స్టేషన్ నుంచి మెదక్‌కు సుమారు 100 కిలోమీటర్ల బస్సు ప్రయాణం. క్యాన్సర్ చికిత్స ముగించుకుని కొన్ని నెలలే అయిన అమ్మకు బస్సు కుదుపులు కష్టమయ్యాయి. పెద్దవాళ్ళతో వెళ్ళేవారు సికింద్రాబాద్ నుంచి కారు మాట్లాడుకోవడమే మేలని నా అభిప్రాయం.

బస విషయంలో తొందరపడాలి. పండుగ రోజుల్లో ఎక్కడెక్కడి నుంచో విశ్వాసులు వస్తారు కనుక గదులు త్వరగా నిండిపోతాయి. మాకు దొరికిన లాడ్జి శుభ్రంగానే ఉంది గానీ గది మొదటి అంతస్తులో ఇచ్చారు, లిఫ్టు లేదు. ఈస్టర్ వేకువన మూడు గంటలకు వేడినీళ్ళు ఇస్తామన్న మాట కూడా నిలబెట్టుకోలేదు. భోజనానికి మాత్రం ఇబ్బంది కలగలేదు. చర్చి ఆవరణలో చెట్ల కింద దిగిన ఒక కుటుంబం మమ్మల్ని పిలిచి, తాము వండుకున్న పప్పుచారు అన్నం పెట్టింది.

ఆ అన్నం తింటున్నప్పుడు ఈ కట్టడం కథే నా మనసులో మెదిలింది. కరువుతో అల్లాడుతున్న జనానికి పని చూపి కడుపు నింపాలని మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ తలపెట్టిన నిర్మాణమిది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 175 అడుగుల గంటగోపురం గల ఈ మందిరంలో దాదాపు 5,000 మంది కూర్చోగలరని చెబుతారు. రాళ్ళు మోసినవారిలో ఎందరికో రేపటి కూడు మీద కూడా భరోసా లేని కాలంలో ఇంత పెద్ద ప్రార్థనాస్థలం లేచిందన్న సంగతి నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

శుక్రవారం మధ్యాహ్నం, సిలువపై యేసు పలికిన ఏడు మాటల ధ్యానం సాగినంతసేపూ అమ్మ కళ్ళు మూసుకునే ఉంది. ఆదివారం వేకువన మేము కూర్చునేసరికి రంగుటద్దాల కిటికీలు నల్లగా ఉన్నాయి. లోపల ఎన్ని దీపాలు వెలిగించినా ఆ బొమ్మలు కనిపించవు, వాటికి బయటి సూర్యకాంతే కావాలి. తెల్లవారుతుండగా తూర్పున ఉన్న సిలువ దృశ్యం ముందుగా రంగు తేలింది, బలిపీఠం వెనుక ఉన్న, క్రీస్తు పరలోకానికి ఆరోహణమయ్యే దృశ్యం ఆ తరువాత స్పష్టమైంది. పడమటి కిటికీలో క్రీస్తు జననం ఉంది. ఈ మూడింటిలో పునరుత్థానం లేదు. సమాధి నుంచి లేచిన ప్రభువును చూడాలని వచ్చినవారికి అక్కడ కనిపించేది, "క్రీస్తు లేచియున్నాడు" అని ఒకరి చేయి ఒకరు పట్టుకుంటున్న మనుషులే. అప్పుడు నా పక్కన నిలబడిన అపరిచితురాలైన ముసలామె మా అమ్మ చేతిని వదలలేదు.

క్రీస్తు లేవకపోతే మన విశ్వాసం వ్యర్థమని పౌలు కొరింథీయులకు రాసిన మాట మీదనే ఆ రోజు ప్రసంగం నడిచింది. వైద్య పరీక్షల ఫలితం బాగుంటుందన్న అంచనానే నేను ఇన్నాళ్ళూ నిరీక్షణగా, అంటే విశ్వాసులు చెప్పుకునే ఆశగా, పట్టుకుని ఉన్నాను. అమ్మ నిరీక్షణకు ఆ ఫలితంతో సంబంధం లేదని ఆమె పక్కన కూర్చున్నప్పుడు అర్థమైంది.

సోమవారం తిరుగుదారిలో అక్కడి చర్చి చూడడానికి డోర్నకల్‌లో దిగాము. అన్ని ఎక్స్‌ప్రెస్‌లూ అక్కడ ఆగవు కనుక ముందే చూసుకోవాలి. రాత్రి బసకు ఖమ్మం వెళ్ళడమే ఉత్తమం. 1912లో ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి సంప్రదాయానికి చెందిన) సంఘంలో తొలి భారతీయ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్ (బిషప్ పీఠం ఉండే ప్రధాన చర్చి) 1939 జనవరి 6న ప్రతిష్ఠితమైంది. గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు ఒకే కప్పు కింద కలిసిన ఆ మందిరంలో మేము వెళ్ళిన వేళకు జనం పలుచగా ఉన్నారు. సమూహంతో కలిసి ఆరాధించాలనుకుంటే మెదక్ వెళ్ళాలి, తీరికగా కూర్చుని ప్రార్థించుకోవాలనుకుంటే డోర్నకలే నాకు నచ్చింది.

ఖమ్మం వెళ్ళే రైలులో అమ్మ, "నాన్నా, వచ్చే ఏడాది శుభ శుక్రవారం ఏప్రిల్ 3న వస్తుందట. ఈసారి కింది అంతస్తులో గది చూడు" అంది. అప్పటికి ఆమె పరీక్షలు ఇంకా జరగలేదు.