ఊరు ముందా, ఓడ ముందా?

క్రూజ్ టికెట్ కొన్న ఇంట్లో ఆ తర్వాత వచ్చే వాదన ఇదే. ఓడలో 7 రాత్రులు, సెలవు 10 రోజులు. మిగిలిన ఆ రెండు మూడు రాత్రులు ఓడ ఎక్కే ఊళ్లో ముందే గడపాలా, దిగాక తీరిగ్గా గడపాలా? పైకి పెద్ద తేడా కనపడదు. అదే ఊరు, అదే హోటల్, కాస్త అటూ ఇటూగా అదే అద్దె. కానీ ఓడకు ముందు గడిపే రాత్రి కాపలా కోసం, తర్వాత గడిపే రాత్రి షికారు కోసం. రెంటినీ ఒకే తక్కెడలో వేసి తూచబోతేనే లెక్క తప్పుతుంది.

ముందు ఒక్క రాత్రి విషయంలో మాత్రం నా దగ్గర బేరం లేదు. రేవుకి విమానంలో వెళ్లేవాళ్లు కనీసం ముందురోజు చేరి తీరాలి. సాయంత్రం 5కి ఓడ కదులుతుందని టికెట్‌లో ఉంటుంది గానీ ఆ 5 మనది కాదు. చాలా కంపెనీలు బయల్దేరే వేళకి 60 నుంచి 90 నిమిషాల ముందే చెక్-ఇన్ మూసేస్తాయి. అదేరోజు పొద్దున దిగే విమానం మూడు గంటలు ఆలస్యమైతే, మధ్యలో మారాల్సిన విమానం ఒకటి తప్పిపోతే, ఇక అంతే సంగతులు. రైలు తప్పితే వెనకాల ఇంకో రైలుంటుంది. ఓడ తప్పితే ఎదురుగా నీళ్లే.

‘తర్వాతి రేవుకి విమానంలో వెళ్లి అక్కడ ఎక్కేస్తాం’ అనేవాళ్లుంటారు. ఖర్చు సొంతం, ఆ దేశం వీసా ఉండాలి, అన్నీ కుదిరినా చట్టం కుదరని చోట్లున్నాయి. అమెరికాలో 1886 నాటి ప్యాసింజర్ వెసెల్ సర్వీసెస్ యాక్ట్ ఇంకా అమల్లో ఉంది. విదేశీ జెండా ఎగరేసే ఓడ, అమెరికాలోని ఒక రేవులో ఎక్కినవాళ్లని ఇంకో అమెరికా రేవులో దింపి వెళ్లకూడదన్నది స్థూలంగా దాని సారం. పెద్ద క్రూజ్ ఓడల్లో దాదాపు అన్నీ బహామాస్, పనామా, మాల్టా లాంటి దేశాల జెండాలవే. సియాటిల్‌లో బయల్దేరి అలాస్కా చూపించి మళ్లీ సియాటిల్‌కే వచ్చే ఓడ మీకు తప్పిపోయిందనుకోండి. దారిలోని అలాస్కా రేవు జూనోకి ఎగిరి వెళ్లి అక్కడ ఎక్కుతానంటే కుదరదు. జూనోలో ఎక్కి సియాటిల్‌లో దిగడమంటే సరిగ్గా ఆ చట్టం వద్దన్న ప్రయాణమే. దారిలో కెనడాలోని విక్టోరియాలో ఓడ ఆగినా, అంత దగ్గరి రేవుని చట్టం లెక్కలోకి తీసుకోదు. అంటే పొద్దుటి విమానం కోసం ఒక రాత్రి అద్దె మిగిల్చుకున్నవాళ్లు మొత్తం క్రూజ్‌నే పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

పెట్టెల సంగతీ అంతే. మనం దిగి పెట్టె దిగకపోవడం విమాన ప్రయాణాల్లో వింతేమీ కాదు. ఊళ్లో ఒక రాత్రి ఉంటే హోటల్ చిరునామా ఇస్తాం, అది మర్నాటికి వచ్చి చేరుతుంది. ఓడలో ఉంటే మన పెట్టె రేవు వెంట రేవుగా మనల్ని తరుముకుంటూ రావాలి. ఈలోగా ఉన్న ఒక్క చొక్కాతోనే కెప్టెన్ విందు.

ఇక గడియారాల లెక్క. హోటళ్లు 11 గంటలకు గది ఖాళీ చేయమంటాయి, ఓడలు 12 ప్రాంతాల్లో ఎక్కించుకోవడం మొదలెడతాయి. ముందురోజు బస చేసినవాళ్లకి ఈ రెండూ తాళం చెవీ తాళంలా కుదురుతాయి. అదే దిగేరోజైతే అంతా తలకిందులు. ఓడ తెల్లవారుజామునే రేవు చేరుతుంది, 8 గంటలకల్లా కేబిన్ ఖాళీ చేయమంటారు, 9, 10 గంటలకల్లా చివరి ప్రయాణికుణ్ణీ దింపేస్తారు. అదే మధ్యాహ్నానికి కొత్త జనం ఎక్కాలి మరి. ఏరు దాటాక తెప్ప తగలెయ్యడం మనుషుల సంగతి. ఇక్కడ ఏరు దాటగానే తెప్పే మనల్ని వదిలించుకుంటుంది. హోటల్ గది చేతికొచ్చేది మధ్యాహ్నం 3కి. మధ్యలో ఐదారు గంటలు. పెట్టెలు హోటల్ కింద గదిలో పెట్టించుకోవచ్చు, చాలా హోటళ్లు కాదనవు. కానీ తెల్లవారుజామున లేచిన ఒళ్లు, స్నానానికి చోటు లేని పగలు, కొత్త ఊరు. షికారు మొదటిరోజు సగం అలాగే కరిగిపోతుంది.

అన్నట్టు, పెద్ద పెట్టెలు ముందు రాత్రే ట్యాగులు కట్టి కేబిన్ బయట పెట్టేయాలి, మర్నాడు రేవులో తీసుకోవాలి. పొద్దున వేసుకోవాల్సిన బట్టలు కూడా అందులో సర్దేసి, నైట్ డ్రెస్‌లో రేవులో దిగినవాళ్ల కథలు క్రూజ్ జనంలో తిరుగుతూనే ఉంటాయి. నిజమో కాదో గానీ, చిన్న బ్యాగు ఒకటి పక్కన పెట్టుకోవడం మంచిది. మన పెట్టెలు మనమే మోసుకుని దిగుతామంటే అందరికంటే ముందే దింపుతారు. తర్వాత ఊళ్లో బస ఉన్నవాళ్లకి ఆ తొందర దేనికి? గది 3 గంటలకే కదా. వాళ్లు చివరి బృందంలో దిగడమే సుఖం.

ఇంతవరకూ తక్కెడ ముందువైపే మొగ్గింది. తర్వాత గడిపే రాత్రుల్ని వెనకేసుకొచ్చే మాటలూ ఉన్నాయి, వాటిలో రెండు గట్టివి.

మొదటిది, నెత్తిన గడువు లేకపోవడం. ఓడకు ముందు ఊళ్లో తిరుగుతున్నంతసేపూ ఒక కన్ను గడియారం మీదే. దిగాక ఆ బెంగ లేదు. తిరుగు విమానానికీ అదే రక్షణ. చలికాలంలో టెక్సస్‌లోని గాల్వెస్టన్, ఫ్లోరిడాలోని టాంపా లాంటి రేవుల్లో పొగమంచు కమ్మి దారి మూసేస్తే, ఓడలు గంటల తరబడి బయటే నిలబడిపోతాయి. ఆ పొద్దునే 10 గంటల విమానం కొనుక్కున్నవాళ్ల పరిస్థితి ఊహించుకోండి. మర్నాటి విమానమైతే డెక్ మీద ఇంకో కాఫీ తాగుతూ మంచు చూస్తారు. దిగిన రోజే వెళ్లక తప్పదంటే మధ్యాహ్నం దాటాక విమానం చూసుకోవాలి.

రెండోది నిద్ర. దూరదేశం ఎగిరి వెళ్తే ఒంట్లోని గడియారం సర్దుకోవడానికి సుమారుగా గంట తేడాకి ఒక రోజు పడుతుంది. తూర్పుకి వెళ్తే ఇంకా కష్టం. చేరిన మర్నాడే మ్యూజియం టికెట్ కొనుక్కుంటే మధ్యాహ్నం 2 గంటలకి బొమ్మల ముందు నిలబడి తూలడమే. ఓడ దిగేసరికి ఈ బాధ తీరిపోయి ఉంటుంది. సముద్రం దాటించే ఓడల్లో ఈ లెక్క మరీ ముచ్చటగా ఉంటుంది. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కి క్వీన్ మేరీ 2 ఓడ సాధారణంగా 7 రాత్రుల్లో వెళ్తుంది. లండన్, న్యూయార్క్ మధ్య తేడా 5 గంటలు. దారిలో గడియారాన్ని రోజుకో గంట చొప్పున వెనక్కి తిప్పుతారు, అంటే కొన్ని రోజులకి 25 గంటలు. న్యూయార్క్‌లో దిగేసరికి నిద్ర బాకీ ఏమీ ఉండదు, ఊరంతా తిరగొచ్చు. ఎదురు దిశలో వచ్చేవాళ్లకి అవే రోజులు 23 గంటలకి కుదించుకుపోతాయి. అందుకే ఈ దారిలో ఎటు వెళ్తున్నా సరే, షికారు రోజులు న్యూయార్క్ వైపే పెడతాను నేను.

అయితే దిగాక ఒక చిన్న చిక్కుంది. ఒడ్డున పడ్డా నేల ఊగుతున్నట్టే ఉంటుంది. లిఫ్టులో, స్నానాల గదిలో, కళ్లు మూసుకుని తల రుద్దుకునేటప్పుడు మరీనూ. చాలామందికి ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఎత్తైన గోపురం మెట్లెక్కే కార్యక్రమం మాత్రం మొదటిరోజు పెట్టుకోకండి.

ఏ వైపు తేల్చుకోవాలన్నా ముందు చూడాల్సింది రేవు ఎక్కడుందన్నది. క్రూజ్ కంపెనీలు ‘రోమ్’ అని రాస్తాయి, ఓడ ఉండేది అక్కడికి 70 కిలోమీటర్లకు పైగా దూరంలోని చివిటవెకియాలో. ‘లండన్’ అంటే చాలాసార్లు సౌతాంప్టన్, సుమారు 130 కిలోమీటర్లు. ‘పారిస్’ అంటే ల హావ్ర, దగ్గర దగ్గర 200. వెనిస్ సంగతి మరీ. 2021 ఆగస్టు 1 నుంచి పెద్ద ఓడల్ని సెయింట్ మార్క్ చౌరస్తా ముందు నుంచి వెళ్లనివ్వడం లేదు, దాంతో ‘వెనిస్’ పేరుతో అమ్మే క్రూజ్‌లు కొన్ని రవెన్నా నుంచీ, ట్రియస్టే నుంచీ బయల్దేరుతున్నాయి. రెండూ వెనిస్‌కి వంద కిలోమీటర్లకు పైనే. చిన్నక్షరాలు చదవకుండా వెనిస్‌లో హోటల్ తీసుకుని, రేవు పక్క వీధిలోనే అనుకున్నవాళ్లకి చుక్కలు కనిపిస్తాయి.

రేవు దూరమైనప్పుడు ముందురోజు బస ఎక్కడన్నది ఇంకో ప్రశ్న. రోమ్‌కీ చివిటవెకియాకీ మధ్య రైళ్లు తరచుగా ఉంటాయి, గంట ప్రయాణం. రోమ్‌లోనే పడుకుని పొద్దున బయల్దేరితే చాలు. పారిస్ నుంచి ల హావ్రకి మాత్రం నేను ఆఖరి రాత్రి రేవు ఊళ్లోనే పడుకుంటాను. ఊరు చిన్నదైతే అయింది, ఆ రాత్రి పని కాపలాయే కదా. ఇక రేవు ఊరి నడిబొడ్డున ఉన్నచోట తర్వాతి బస బలం పుంజుకుంటుంది. వాంకూవర్‌లో కెనడా ప్లేస్ టెర్మినల్ డౌన్‌టౌన్‌లోనే ఉంది, విమానాశ్రయం నుంచి కెనడా లైన్ రైలు అరగంటలోపే దాని పక్కకి తెస్తుంది. సిడ్నీలో సర్క్యులర్ కీ దగ్గర దిగితే ఒపేరా హౌస్ ఎదురుగానే. అక్కడ కూడా కొన్ని ఓడలు వైట్ బేకి వెళ్తాయి, అది చూసుకోవాలి. ఇలాంటి ఊళ్లలో దిగి, పెట్టె హోటల్లో పడేసి, నడుచుకుంటూ తిరగడమే.

వారాలు కూడా చూసుకోండి. వాటికన్ మ్యూజియంలు నెలలో ఆఖరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు మూసి ఉంటాయి. పారిస్‌లోని లూవ్ర మ్యూజియం మంగళవారం మూత. ఓడ ఆదివారం దిగి, రోమ్‌లో మీకున్నది ఆ ఒక్క పగలే అయితే, వాటికన్ మ్యూజియంల్లోని సిస్టీన్ చాపెల్ పైకప్పు బొమ్మల కోసం బసని ముందుకి జరపాల్సిందే. ముందా వెనకా అన్న వాదన ఒక్కోసారి క్యాలెండర్ ఒక్క నిమిషంలో తీర్చేస్తుంది.

వీసా కావాల్సిన పాస్‌పోర్టులవాళ్లకి ఇంకో మెలిక. ఏథెన్స్ రేవు పిరేయస్‌లో ఎక్కి, టర్కీలోని కుసాదసికి వెళ్లొచ్చే ఓడ అనుకోండి. అది షెంగెన్ (ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాల కూటమి) దాటి మళ్లీ లోపలికి వస్తుంది. ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చిన వీసాతో తర్వాతి రెండు రోజులు ఏథెన్స్‌లో ఉందామంటే చిక్కే. మల్టిపుల్ ఎంట్రీ అడగాలి, ముందూ వెనకా ఉండే రోజులన్నీ వీసా తేదీల్లో పట్టాలి. హోటల్ బుకింగులు దరఖాస్తుతోపాటు చూపించాలి కాబట్టి, ఈ నిర్ణయం విమానం టికెట్ల కంటే ముందే జరిగిపోవాలి.

కంపెనీ వాళ్లే హోటల్, రేవుకి బస్సు కలిపి అమ్మే ప్యాకేజీ తీసుకోవాలా, సొంతంగా చూసుకోవాలా? ప్యాకేజీ ధర సాధారణంగా మనిషికి ఇంతని ఉంటుంది, హోటళ్లు గదికి ఇంతంటాయి. ఒకే గదిలో ముగ్గురుంటే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రేవు ఊళ్లోనే ఉంటే సొంతంగానే. రేవు చాలా దూరమై, మోకాళ్లు నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే మాత్రం ఆ బస్సు కోసమైనా ప్యాకేజీ తీసుకోవచ్చు.

ఒక ఊళ్లో ఎక్కి ఇంకో ఊళ్లో దింపే ఓడలది వేరే కథ, అక్కడ రెండు కొసలూ లాగుతాయి. అలాస్కా అందుకు మంచి ఉదాహరణ. వాంకూవర్‌కీ, అలాస్కాలోని స్యూవర్డ్‌కీ మధ్య ఓడలు రెండు దిశల్లోనూ తిరుగుతాయి. స్యూవర్డ్ నుంచి ఆంకరేజ్‌కి సుమారు 200 కిలోమీటర్లు, డెనాలి జాతీయ పార్కు ఇంకా ఉత్తరాన. రోజుకో హోటల్ మారుతూ, బస్సుల్లో, రైళ్లలో తిరిగే ఆ నేల యాత్ర క్రూజ్‌కి ముందు పెట్టుకుంటే, తర్వాత ఓడలో పెట్టె ఒక్కసారి విప్పి కాళ్లు చాపుకోవచ్చు. వారమంతా పిలిస్తే పలికే మనుషుల మధ్య గడిపి, ఆ తర్వాత పొద్దున్నే 6 గంటల బస్సు కోసం పెట్టె కట్టుకోవడం చాలామందికి రుచించదు. ఈ ఒక్క విషయంలో ఉత్తరం నుంచి దక్షిణానికి దిగే ఓడకే నా ఓటు.

కాబట్టి నా పంపకం ఇదీ. మిగిలింది ఒక్క రాత్రి అయితే అది ముందుకే, ఇంకో మాట లేదు. రెండైతే రెండూ ముందే: మొదటి రాత్రి నిద్రకి, మధ్య పగలు ఊరికి, రెండో రాత్రి ఓడకి దగ్గరగా. మూడైతే మూడోది తర్వాత పెడతాను, అదీ రేవు ఊళ్లోనే ఉంటే. లేదా తిరుగు విమానం మధ్యాహ్నానికి ముందు తప్ప దొరకని ఊరైతే. నాలుగో రాత్రి కూడా దొరికితే అది ముందో వెనకో పెట్టెలోని ఉతికిన బట్టలు చెప్పాలి. దిగేసరికి ఒక్క జతా మిగలదనుకుంటే, హోటల్‌కి దగ్గర్లో లాండ్రీ ఉందో లేదో బుక్ చేసేముందే చూసుకోవడం నయం. ఓడల్లో ఆఖరి రోజు వాషింగ్ మెషీన్ల ముందు క్యూ సంగతి వెళ్లినవాళ్లని అడగండి.